లక్ష్యం అందరిదీ కావాలంటే...



పదో తరగతి పిల్లలున్న ఇంట్లో అందరిదీ ఒకటే లక్ష్యం అనుకుంటాం. విడివిడిగా అడిగి చూస్తే మూడు బయటపడతాయి. నాన్నగారికి ఐఐటీ సీటు కావాలి. అమ్మగారికి పబ్లిక్ పరీక్షల్లో మంచి మార్కులు రావాలి. పిల్లలకేమో రేపటి స్లిప్ టెస్ట్ గట్టెక్కితే చాలు. ఎవరి కష్టం వారు పడుతూనే ఉంటారు, కానీ తలో వైపు లాగుతుంటే బండి ముందుకు కదలదు. సంస్థల్లోనూ ఇదే సమస్య. అందరినీ ఒకే లక్ష్యం వైపు నడిపించడం ఎలాగో చెప్పడానికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. అదే ఢిల్లీ మెట్రో.

గోడ మీద రోజుల లెక్క

మన దేశంలో మొదటి మెట్రో కోల్‌కతాది. 1972లో శంకుస్థాపన జరిగితే మొదటి రైలు 1984లో నడిచింది. సుమారు 17 కిలోమీటర్ల ఆ లైను పూర్తయ్యేసరికి 1995 వచ్చింది. నిధుల కొరత, భూమి కింద పైపులు, కోర్టు కేసులు... అడ్డంకులు ఎన్నో. అందుకే ఢిల్లీ మెట్రో మొదలైనప్పుడు చాలామంది పెదవి విరిచారు.

ఆ బాధ్యత ఇ.శ్రీధరన్ గారికి అప్పగించారు. ఆయన మన కాకినాడ ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ చదివినవారే. పనులు 1998లో మొదలయ్యాయి. 2002 డిసెంబరులో షాహ్‌దరా నుంచి తీస్ హజారీ వరకు తొలి రైలు నడిచింది. సుమారు 65 కిలోమీటర్ల మొదటి దశ గడువు కంటే ముందే పూర్తయింది.

ఆఫీసుల్లో, పని జరిగే చోట్ల బోర్డులు పెట్టారు. తర్వాతి గడువుకు ఇంకా ఎన్ని రోజులు ఉన్నాయో వాటి మీద కనిపించేది. ఇంజినీరుకీ, కాంట్రాక్టరుకీ, పై అధికారికీ అదే అంకె. ప్రతి సోమవారం విభాగాధిపతులు కలిసి కూర్చుని ఎవరి పని ఎక్కడ ఉందో చూసుకునేవారు.

పైవారి వాటా

బోర్డు ఒక్కటే పనిచేయదు. కాంట్రాక్టర్లకు బిల్లులు ఆలస్యం లేకుండా చెల్లించారు. ఫైళ్లు నెలల తరబడి తిరగకుండా నిర్ణయాలు త్వరగా తీసుకున్నారు. అంటే గడువు కింది వారికే కాదు, పై వారికీ వర్తించింది.

2009 జూలైలో జమ్రూద్‌పూర్ వద్ద నిర్మాణంలో ఉన్న మెట్రో వంతెన కూలి కార్మికులు చనిపోయారు. శ్రీధరన్ గారు అదే రోజు నైతిక బాధ్యత వహిస్తూ రాజీనామా చేశారు. ప్రభుత్వం దాన్ని అంగీకరించలేదు. వేగం ఒక్కటే లక్ష్యం కాకూడదని ఆ ప్రమాదం గుర్తుచేస్తుంది. ఫలితం చెడినప్పుడు పెద్దలు ముందు నిలబడాలని ఆ రాజీనామా చెబుతుంది.

మన ఇంట్లో ఎలా?

పెద్దలు నిర్ణయించి, పిల్లలు మాత్రమే పాటించేదైతే అది ఆజ్ఞ అవుతుంది. ఇంట్లో ప్రతి ఒక్కరికీ అందులో ఒక పని ఉంటేనే అది అందరి లక్ష్యం. ఈ నెల ఇలా చేసి చూడండి.

1. ఆదివారం ఇరవై నిమిషాలు ఫోన్లు పక్కన పెట్టి అందరూ కూర్చోండి. ముందు పిల్లల్ని చెప్పనివ్వండి. "నీకు ఏ సబ్జెక్టు కష్టంగా ఉంది? మేమేం చేస్తే నీకు సులువవుతుంది?" అని అడగండి. మధ్యలో సలహాలు వద్దు.

2. దగ్గరి లక్ష్యం ఒకటి పెట్టుకోండి. "మంచి ర్యాంకు" అంటే ఈ రోజు ఏం చేయాలో తెలియదు. "యూనిట్ టెస్ట్ నాటికి త్రికోణమితి లెక్కలు సొంతంగా చేయాలి" అంటే తెలుస్తుంది.

3. ఒక చార్టు మీద ఇంట్లో అందరి పేర్లూ రాయండి. పిల్లల పేరు కింద రోజుకు పది లెక్కలు. నాన్నగారి పేరు కింద చదువు వేళలో టీవీ ఆపడం. అమ్మగారి పేరు కింద పక్కింటి పిల్లల మార్కులతో పోల్చకపోవడం. నాన్నమ్మ ఒప్పుకుంటే సీరియల్ సౌండ్ తగ్గించడం.

4. తర్వాతి ఆదివారం చార్టు చూసేటప్పుడు ముందు పెద్దల పనులు చదవండి. "ఈ వారం రెండు రోజులు టీవీ పెట్టాను" అని నాన్నగారే చెబితే, "నేను మూడు రోజులు లెక్కలు చేయలేదు" అని చెప్పడానికి పిల్లలకు భయం ఉండదు.

ఒక జాగ్రత్త

"ఇంకా 87 రోజులే!" అని గోడ మీద రాసి పిల్లల్ని బెదిరించకండి. తిట్లు తప్పవని తెలిస్తే పిల్లలు ప్రోగ్రెస్ కార్డు దాచడం నేర్చుకుంటారు. అప్పుడు ఎక్కడ వెనకబడ్డారో మీకూ తెలియదు, మాకూ తెలియదు. మార్కులు తగ్గినప్పుడు "ఎందుకు తగ్గాయి?" అని గద్దించే బదులు "మనలో ఎవరి పని ఎక్కడ ఆగింది?" అని అడగండి.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు ఆ చార్టు తీసుకురండి. అందులో స్కూలు పేరు కింద కూడా ఒక గడి ఖాళీగా ఉంచండి. మేం చేయాల్సిందేమిటో క్లాస్ టీచరుతో మాట్లాడి, అక్కడే రాయించండి.