కుంగుబాటుకు అంతర్జాల చికిత్స

భరతముని నాట్యశాస్త్రంలో 33 సంచారిభావాలను పేర్కొన్నాడు. నిర్వేదం, దైన్యం, చింత, విషాదం వాటిలోనివే. సంచారులు అనడంలోనే వాటి స్వభావం తెలుస్తున్నది. అవి వచ్చి పోయేవి. పంట పోయిననాడు దిగులుపడని రైతు లేడు, పరీక్ష తప్పిననాడు బెంగపడని విద్యార్థి లేడు. కొద్దిరోజులకు ఆ దిగులు తగ్గి మనిషి మళ్ళీ తన పనిలో పడతాడు. అలా కాక, వచ్చిన విషాదం మనసులో తిష్ఠవేసి, రెండు వారాలకు తగ్గకుండా దినమంతా వేధిస్తూ, నిద్రను, ఆకలిని, పనిమీది ఆసక్తిని, తనపై తనకుగల గౌరవాన్ని హరిస్తే వైద్యులు దానిని కుంగుబాటు అంటారు. డిప్రెషన్ అని మనం తరచుగా వినే మాట ఇదే. ఇది పిరికితనం కాదు, సోమరితనమూ కాదు. చికిత్సకు లొంగే వ్యాధి.

అయితే ఆ చికిత్స ఎందరికి అందుతున్నది? బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారిలో దాదాపు 85 శాతం మందికి ఏ చికిత్సా అందడం లేదు. ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. అయినా దర్శి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలను ఎరిగినవారికి ఆ సంఖ్య ఆశ్చర్యం కలిగించదు. వానకోసం ఎదురుచూసే మెట్టపొలాలు, ఫ్లోరైడు నీరు, వలసలు, అప్పులు ఇక్కడివారి నిత్యజీవితంలో భాగాలు. కుంగినవాడు వైద్యుని వద్దకు పోయినా ఒళ్ళు నొప్పులనీ, గుండెదడ అనీ, నిద్ర పట్టడం లేదనీ చెబుతాడే తప్ప మనసు మాట ఎత్తడు. మానసిక వైద్యుని వద్దకు పోతే ఊరివారు పిచ్చి అని ముద్రవేస్తారన్న భయం ఒకటి. దర్శి నుండి ఒంగోలు పెద్దాసుపత్రికి యాభై కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం, ఒకనాటి కూలి నష్టం మరొకటి. దూరం, సిగ్గు అనే ఈ రెండు అడ్డంకులను దాటించగలదనే అంతర్జాల చికిత్సపై ఆశ పుట్టింది.

ఆ చికిత్సలలో ప్రధానమైనవి రెండు. మొదటిది, 1960 దశకంలో అమెరికా మనోవైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన ఆలోచనా ప్రవర్తనా చికిత్స. మిర్చి వేసి నష్టపోయిన ఒక నడివయసు రైతును ఊహించుకుందాం. ధర పడిపోయిందన్నది వాస్తవం. ఆ వాస్తవం అతని మనసులో ‘నేను ఎందుకూ పనికిరానివాణ్ణి’ అనే తీర్పుగా మారుతుంది. వాస్తవానికీ ఆ తీర్పుకూ నడుమ ఎంత ఎడం ఉన్నదో అతనిచేతనే కనిపెట్టించడం బెక్ పద్ధతి. రెండవదానిని కార్యోన్ముఖ చికిత్స అనవచ్చు. మనసు కుదుటపడ్డాక పని చేద్దామని ఆగక, పనిద్వారానే మనసును కుదుటపరచుకోవడం దీని సూత్రం. ఉదయం పొలం గట్టుదాకా నడవడం, మానివేసిన రచ్చబండకు మళ్ళీ పోవడం వంటి చిన్న పనులను వారంవారం నిర్ణయించుకొని చేస్తారు. ఇంతేనా అని చులకన చేయరాదు. మంచం దిగడమే భారమైనవానికి పొలం గట్టు కూడా శ్రీశైలమంత దూరం. చికిత్సతో అప్పు తీరదన్నదీ నిజమే. కాని అప్పు ఇచ్చినవానితో కూర్చుని మాట్లాడే శక్తి తిరిగిరావడం అతనికి చిన్న విషయం కాదు.

ఈ పద్ధతులను యంత్రం ద్వారా అందించే తీరులో మాత్రం భేదముంది. రోగి తనంతట తానే తెరపై పాఠాలు చదివి అభ్యాసాలు చేయడం ఒక తీరు. ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయం 2001లో ఆరంభించిన మూడ్‌జిమ్ ఇటువంటిది. అవే పాఠాలను చదువుతూ, వారానికొకసారి శిక్షణ పొందిన సహాయకునితో మాట్లాడడం రెండవ తీరు. మొదటి తీరును బ్రిటన్‌లో 691 మందిపై పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. మామూలు వైద్యానికి ఈ పాఠాలను జోడించడం వలన అదనపు మేలేమీ కనబడలేదు. కారణం ఊహించదగినదే, చాలామంది ఒకటి రెండు పాఠాలతోనే ఆపివేశారు. అసలు లక్షణమే నిరుత్సాహమైన రోగికి, పక్కన ఎవరూ లేకుండా చదువుకొమ్మని పాఠం ఇవ్వడంలో కొంత వైరుధ్యం ఉన్నది కదా! 2021లో 39 పరిశోధనలకు చెందిన 9,751 మంది వివరాలను కలిపి పరిశీలించిన విశ్లేషణ కూడా, చికిత్స ముగిసేనాటికి సహాయకుడున్న తీరే సగటున మెరుగని తేల్చింది. స్వల్పమైన కుంగుబాటులో మాత్రం రెంటికీ పెద్ద తేడా లేదు. ఆరు నెలలు, సంవత్సరం గడిచాక కూడా ఆ తేడా నిలవలేదు. కనుక తొలి వారాలలో తోడు అవసరమైనది, బాధ ఎక్కువగా ఉన్నవారికేనని గ్రహించాలి.

ఆ సహాయకుడు పెద్ద వైద్యుడే కానక్కరలేదు. గోవాలోని 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో సంగత్ అనే సంస్థ, శిక్షణ పొందిన సామాన్యుల ద్వారా కార్యోన్ముఖ చికిత్సను ముఖాముఖిగా అందించింది. మూడు నెలలకు వారి సాయం పొందినవారిలో 64 శాతం మంది కోలుకోగా, మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో 39 శాతం మంది కోలుకున్నారు. మన రాష్ట్రంలోనే పశ్చిమ గోదావరి పల్లెలలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చి, మనోవ్యథ ఉన్నవారిని గుర్తించి ప్రాథమిక వైద్యుని వద్దకు పంపే ఏర్పాటు చేశారు. యంత్రం అక్కడ మనిషికి బదులుగా రాలేదు, మనిషి చేతిలో పనిముట్టుగా వచ్చింది. ఈ రెండు ప్రయోగాలూ పశ్చిమ ప్రకాశానికి విదేశీ పాఠాలకన్నా దగ్గరివని నా అభిప్రాయం.

నేడు మనకు సులువుగా అందేది టెలి మానస్. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం దీనిని ఆరంభించింది. 14416 సంఖ్యకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అవసరమైతే వారు మానసిక వైద్యునితో కలుపుతారు. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా మామూలు ఫోన్ చాలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందే వ్యక్తికి గోప్యత హక్కును ఇచ్చింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బ్రతకడం వృథా అన్న మాట తరచుగా వినిపిస్తున్నా, తిండి, మాట మానివేసినా, లేనివి వినబడుతున్నాయన్నా పాఠాలతో కాలయాపన చేయరాదు. అటువంటి వారిని ఒంటరిగా వదలక, ఇంటిలోని పురుగుమందులను వారికి అందకుండా తాళంవేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. అక్కడ మందులు అవసరమవుతాయి.

మిగిలిన చిక్కు ఒకటుంది. మన పల్లెల్లో చాలా ఇళ్ళలో ఫోన్ ఉన్నా అది ఇల్లాలి చేతిలో ఉండదు. ఉన్నా పక్కగదిలో అత్తగారు వినే దూరంలోనే మాట్లాడాలి. భర్త వలసపోయి, కుంగిపోతూ ఇంటిలోనే ఉన్న స్త్రీకి అంతర్జాలం తెచ్చిన గోప్యత ఆ విధంగా గడపవద్దే ఆగిపోతున్నది. బరువు చూడటానికీ, టీకాల లెక్కకూ ఎలాగూ ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త, ఆమెను తన వెంట ఆరోగ్య ఉపకేంద్రానికి తీసుకొనిపోయి, తలుపు దగ్గరగా వేసి తన ఫోన్ నుండే 14416కు కలిపితే ఆ గడప దాటవచ్చు.