దీక్ష: పాఠ్యపుస్తకానికి ముడిపడిన వేదిక

ఉపాధ్యాయుల ఆన్‌లైన్ వేదికలనగానే పోటీ పరీక్షల అభ్యర్థులు ప్రారంభ తేదీలు బట్టీ పట్టేస్తారు. దీక్ష 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడి చేతుల మీదుగా మొదలైంది, నిర్వహణ ఎన్‌సీఈఆర్‌టీది. అంతవరకు సరే. దాని అసలు బలం మాత్రం పాఠ్యపుస్తకంలో అచ్చయిన క్యూఆర్ కోడ్‌లో ఉంది. టీచరు పాఠం దగ్గరున్న కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి చెందిన వీడియోలు, అభ్యాస ప్రశ్నల వంటివి నేరుగా తెరుచుకుంటాయి. అదే కిరణజన్య సంయోగక్రియ అని యూట్యూబ్‌లో వెతికితే లెక్కలేనన్ని వీడియోలు; మన సిలబస్‌కు ఏది సరిపోతుందో తేల్చేసరికి పీరియడ్ కాస్తా అయిపోతుంది.

సిగ్నలే అందని ఊరి బడికి ఇదెందుకన్న అభ్యంతరం న్యాయమైనదే. కొంత జవాబు యాప్‌లోనే ఉంది: ముందుగా డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండానే చూపించవచ్చు. ఇంట్లో నెట్ లేని పిల్లల కోసం 2020లో వచ్చిన పీఎం ఈ-విద్య తరగతికొకటి చొప్పున 12 టీవీ చానళ్లు కేటాయించింది. కానీ పిల్లవాడికి సందేహం వస్తే టీవీ పాఠం ఆగదు. టీచరు ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి వివరించగలిగే దీక్షకు అది ప్రత్యామ్నాయం కాలేదు. ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమం నిష్ఠ కూడా 2019లో ముఖాముఖిగా మొదలై, కొవిడ్ దెబ్బకు 2020లో దీక్ష మీదికే మారింది.