దుమ్ము చాటున ఎదిగే కృష్ణబిలాలు



గోదావరిఖని, బెల్లంపల్లి బిడ్డలకు దుమ్ము కొత్త కాదు. పొద్దుగూకే వేళ పశువులు లేపిన దుమ్ములోంచి చూస్తే సూర్యుడు ఎర్రగా కనిపిస్తాడు. గాలి, దుమ్ము నీలికాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. ఎరుపు దాటి వస్తుంది. పరారుణ కాంతి ఇంకా సులువుగా దాటుతుంది.

కృష్ణబిలం నుంచి కాంతి రాదు. దానిలో పడబోయే వాయువు సుడులు తిరుగుతూ వేడెక్కి వెలుగుతుంది. బాగా వెలిగితే దాన్ని క్వాసార్ అంటారు. విశ్వం వయసు సుమారు 1380 కోట్ల ఏళ్లు. మొదటి 100 కోట్ల ఏళ్లలోపే 100 కోట్ల సూర్యులంత ద్రవ్యరాశి గల కృష్ణబిలాలు ఏర్పడ్డాయి. అంత త్వరగా ఎలా ఎదిగాయి? మొదట ధూళి నిండిన గెలాక్సీలో దాగి ఎదుగుతాయని, తర్వాత ఆ ధూళిని ఊదేసి క్వాసార్లుగా బయటపడతాయని ఒక సిద్ధాంతం. కానీ తొలి విశ్వంలో ఈ మధ్యదశ చాలాకాలం కనిపించలేదు.

అలాంటిదే ఒకటి దొరికిందని 2022 ఏప్రిల్‌లో సెయిజి ఫుజిమోటో బృందం ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. దాని పేరు జీఎన్‌జెడ్7క్యూ. సప్తర్షి మండలం దిక్కున ఉంది. మహావిస్ఫోటం తర్వాత 75 కోట్ల ఏళ్లకు బయలుదేరిన కాంతి అది. ఆ గెలాక్సీలో నక్షత్రాలు మన పాలపుంతలో కంటే 1600 రెట్లు వేగంగా పుట్టేవి.

2021 డిసెంబర్ 25న ప్రయోగించిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు పరారుణ కాంతిలో ఎన్నో చిన్న ఎర్రచుక్కలను పట్టింది. ఆ ఎరుపుకు కారణం ధూళా, దట్టమైన వాయువా అన్న చర్చ నడుస్తోంది.

జీఎన్‌జెడ్7క్యూ దొరికింది ఎందరో జల్లెడపట్టిన హబుల్ పాత ఫొటోల్లోనే! అవి ఇంటర్నెట్‌లో ఎవరికైనా ఉచితం. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఫిజిక్స్ మనకెందుకు అన్నవాళ్లున్నారు. తేలని ప్రశ్న ముందు మాత్రం అందరం సమానమే. లెక్కలు వదలకండి!