జ్వాలాపురం బూడిద, రాజోలు మురుగుకాలువ: మహావిపత్తుల నడుమ డెల్టా సేద్యం

భావికాలపు మహావిపత్తులను, వాతావరణ మార్పును మానవజాతి తట్టుకొని నిలువగలదా అన్న ప్రశ్న తరగతి గదిలో ఏటా ఎవరో ఒక విద్యార్థి అడుగుతూనే ఉంటాడు. సేద్యవిజ్ఞానం చదివే వారికి ఈ ప్రశ్న ఇంత విశాలమైన రూపంలో పెద్దగా ఉపకరించదు. ఏ జనసంఖ్యతో, ఏ నేలమీద, ఏ పంటతో నిలువగలదని అడిగినప్పుడే దానికి కొలిచి చెప్పగల సమాధానం లభిస్తుంది. ఈ వ్యాసంలో రాజోలు ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని ఆ సమాధానాన్ని వెదకుదాం.

జాతి మనుగడకు సంబంధించిన సాక్ష్యం తెలుగునేలలోనే ఉన్నది. సుమారు 74,000 సంవత్సరాల క్రితం సుమత్రా ద్వీపంలోని టోబా అగ్నిపర్వతం బద్దలైంది. గత ఇరవై లక్షల సంవత్సరాలలో అంతటి విస్ఫోటనం మరొకటి లేదు. ఆనాటి బూడిద భారత ఉపఖండమంతటా కురిసింది. నంద్యాల జిల్లాలోని జుర్రేరు లోయలో, జ్వాలాపురం వద్ద, ఆ బూడిద రెండు మీటర్లకు మించిన మందంతో నేటికీ కనిపిస్తుంది. అక్కడి తవ్వకాల ఫలితాలు 2007లో సైన్స్ పత్రికలో వెలువడ్డాయి. బూడిద పొరకు దిగువనా, ఎగువనా దాదాపు ఒకే తీరు రాతి పనిముట్లు లభించాయి. వాటిని చేసినవారు ఏ మానవజాతికి చెందినవారన్న విషయంలో పండితులలో ఏకాభిప్రాయం లేదు. అయినప్పటికీ, ఆ లోయలో మనిషి జాడ ఆ బూడిదతో అంతరించిపోలేదని చెప్పడానికి ఆ రాళ్లు చాలు.

అయితే ఈ సాక్ష్యం చూసి నిశ్చింతగా ఉండరాదు. జ్వాలాపురపు మనిషి వేటాడి, ఏరుకొని జీవించినవాడు. నీరు ఎండితే మరొక లోయకు నడచిపోగలడు. అతనికి సరిహద్దు రాయి లేదు, పాసుపుస్తకం లేదు, పదునాలుగు సెంట్ల ఇంటిస్థలంలో నాటిన కొబ్బరిచెట్లు లేవు. నేటి జనసంఖ్య ఎనిమిది వందల కోట్లు దాటినది. వీరందరికీ అన్నం పెట్టే వ్యవసాయం గత పది పన్నెండు వేల సంవత్సరాల స్థిర వాతావరణంలో పుట్టి పెరిగింది. కోనసీమ నేల అంతకంటెను చిన్నది. గడచిన మంచుయుగపు చివర సముద్రమట్టం నేటికంటె సుమారు 120 మీటర్లు దిగువన ఉండేది. మంచు కరిగి సముద్రం పెరిగి, ఆ పెరుగుదల నెమ్మదించిన తరువాతనే, అంటే సుమారు ఆరేడు వేల సంవత్సరాలుగా, గోదావరి తెచ్చిన ఒండ్రుతో నేటి డెల్టా ఏర్పడింది. మనం సాగుచేస్తున్న ఈ భూమి వరిసాగు కంటె వయసులో చిన్నదన్న సంగతిని మరువరాదు.

నాగరం దీవి

వశిష్ఠ, వైనతేయ పాయల నడుమ, దక్షిణాన సముద్రంతో ఆవరింపబడిన రాజోలు ప్రాంతాన్ని పాత నీటిపారుదల గ్రంథాలు నాగరం దీవి అని పేర్కొంటాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినా, ఈ దీవికి నీరు రావలెనంటే వైనతేయను దాటి రావలసి ఉన్నది. అందుకే గన్నవరం వద్ద అక్విడక్టు నిర్మించారు. పాతది వయసు మీరిన తరువాత దాని పక్కనే కొత్తది వెలసింది. మూడువైపుల నది, ఒకవైపు సముద్రం ఉన్న ఈ భూభాగపు సాగునీరు ప్రధానంగా ఒకే వంతెన మీదుగా నడచి వస్తున్నది. విపత్తుల అధ్యయనంలో ఇటువంటి ఏకైక ఆధారాన్ని గుర్తించడం మొదటి పని.

ఈ ప్రాంతానికి విపత్తులు కొత్త కావు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటినది. వరద సాధారణంగా ఆగస్టులో వస్తుందని అలవాటుపడిన లంక రైతులకు జూలై నడుమ వచ్చిన ఆ ప్రవాహం ఒక హెచ్చరిక. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ తూర్పు భాగాన్ని తుడిచిపెట్టి, వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసి, లక్షల కొబ్బరిచెట్లను నేలకూల్చింది. వరి మరుసటి సార్వాకే తిరిగి నిలిచింది. కూలిన కొబ్బరి స్థానంలో నాటిన ఈస్ట్ కోస్ట్ టాల్ మొక్క కాపుకు రావడానికి ఆరేడు సంవత్సరాలు పట్టింది. విపత్తు నష్టాన్ని ఎకరాలలో లెక్కించే మన పద్ధతిలో ఈ కాలభేదం కనిపించదు.

ముంపుకు ముందు మురుగు

సముద్రమట్టం పెరుగుదల అనగానే అంతర్వేది మునుగుతుందా, ఏ సంవత్సరంలో మునుగుతుంది అని పత్రికలు అడుగుతాయి. సేద్యపరంగా ఇది ఆలస్యంగా అడిగిన ప్రశ్న. భూమి మునగడానికి చాలా ముందే మురుగు పారుదల ఆగిపోతుంది.

కోనసీమ డ్రెయిన్లన్నీ గురుత్వాకర్షణ మీదనే పనిచేస్తాయి. చేలోని నీటిమట్టం కంటె సముద్రపు నీటిమట్టం తక్కువగా ఉన్న గంటలలో మాత్రమే మురుగు బయటికి పోగలదు. ఒక సరళమైన లెక్క చూద్దాం. ఆటుపోట్ల వలన సముద్రం సగటు మట్టానికి అర మీటరు పైకి, అర మీటరు కిందికి ఆడుతున్నదనుకొందాం. డ్రెయిన్ ఎగువన నీటిమట్టం సగటు సముద్రమట్టానికి 30 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకొందాం. అప్పుడు రోజుకు సుమారు 17 గంటలు నీరు బయటికి పారగలదు. సముద్రం 30 సెంటీమీటర్లు పెరిగితే ఈ కాలం 12 గంటలకు తగ్గుతుంది. 60 సెంటీమీటర్లు పెరిగితే ఏడు గంటలే మిగులుతుంది. ఆ ఏడు గంటలలోనూ నీటి వాలు తక్కువ కనుక పారే పరిమాణం మరింత తగ్గుతుంది. గుర్రపుడెక్కతో నిండిన డ్రెయిన్‌లో ఇది ఇంకా స్వల్పం. ఒక్క సెంటు భూమి కూడా మునగకుండానే సార్వా పంట పోయే మార్గమిది.

ఈ అంకెలు ఊహాగానాలు కావు. అంతర్జాతీయ వాతావరణ మార్పు సంఘం 2021 నివేదిక ప్రకారం 2006–2018 మధ్య ప్రపంచ సముద్రమట్టం ఏటా సగటున 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. ఉద్గారాలను మిక్కిలి తగ్గించిన మార్గంలో 2100 నాటికి 28 నుంచి 55 సెంటీమీటర్లు, మిక్కిలి అధికమైన మార్గంలో 63 నుంచి 101 సెంటీమీటర్లు పెరగవచ్చునని అంచనా. డెల్టాలో దీనికి నేల కుంగడం తోడవుతుంది. గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970–79 నడుమ ఏటా సగటున సుమారు 15 కోట్ల టన్నులు ఉండగా, 2000–06 నాటికి ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. ఎగువ జలాశయాలలో ఆగిన ఆ మట్టి ఇక్కడికి రాదు. కొత్త ఒండ్రు లేని డెల్టా తన బరువుకు తానే అణగుతుంది. భూగర్భం నుంచి నీరు, వాయువు తీయడం వలన ఎంత కుంగుతున్నదన్నది గ్రామాల వారీగా కొలవవలసిన విషయం. ఆ కొలత లేకుండా జరిగే వాదప్రతివాదాల వలన రైతుకు ఒరిగేది లేదు.

ఉప్పు

ఆటుపోట్లు డ్రెయిన్ల వెంబడి లోపలికి వచ్చినప్పుడు ఏమి జరుగుతుందో చూడదలచినవారు మలికిపురం మండలంలో శంకరగుప్తం డ్రెయిన్ పరిసరాలకు, కేశనపల్లి వైపు వెళ్లి చూడవచ్చును. మొవ్వు వాలి, ఆకులు రాలి, స్తంభాల వలె నిలిచిన కొబ్బరి మోడులు కనిపిస్తాయి. కొబ్బరి కొంతమేరకు ఉప్పును సహిస్తుంది. వేరుచుట్టూ కదలక నిలిచిన ఉప్పునీటిని మాత్రం సహించదు. గాలి ఆడని మట్టిలో వేరు ముందుగా ఊపిరాడక నశిస్తుంది, ఉప్పు ఆ పిమ్మట పని పూర్తిచేస్తుంది.

వరి విషయంలో లెక్క మరింత స్పష్టం. మట్టి సంతృప్త ద్రావణపు విద్యుద్వాహకత మీటరుకు 3 డెసీసీమెన్లు దాటిన తరువాత, పెరిగే ప్రతి ఒక్క యూనిట్‌కు దిగుబడి సుమారు 12 శాతం తగ్గుతుంది. 6 వద్ద మూడోవంతుకు మించి పోతుంది. నారు దశ, పూత దశ మిక్కిలి సున్నితమైనవి. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఉప్పు అనగానే జిప్సం చల్లమని సలహా ఇవ్వడం మన విస్తరణ సిబ్బందిలో అలవాటైపోయింది. జిప్సం చౌడు, అనగా క్షార నేలలకు మందు. సముద్రపు ఉప్పు చేరిన నేలకు కావలసినది మంచినీటితో కడగడం, కడిగిన నీరు పోయే దారి. ఆ దారి లేనిచోట జిప్సం ఖర్చు వృథా.

మంచినీరు కూడా పరిమితమే. దాళ్వాలో గోదావరి సహజ ప్రవాహం తగ్గినప్పుడు డెల్టా సీలేరు నుంచి వదిలే నీటిమీద ఆధారపడుతుంది. శివారు భూములైన సఖినేటిపల్లి, మలికిపురం మండలాలకు అది చేరేసరికి వంతులు, వాదులాటలు మొదలవుతాయి. వేసవిలో వశిష్ఠ పాయలోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. తీరపు ఇసుక దిబ్బల కింద మంచినీరు ఉప్పునీటిపై తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు తగ్గితే, దిగువన ఉప్పునీరు సుమారు నలభై అడుగులు పైకి రాగలదు. బోరు లోతుగా వేస్తే మంచినీరు దొరుకుతుందన్న మెట్టప్రాంతపు నమ్మకం ఇక్కడ విపరీత ఫలితమిస్తుంది. వరిచేల నడుమ ఉప్పునీటి రొయ్యల చెరువు తవ్వినవాడు తన గట్టువరకే లెక్క చూసుకుంటాడు, ఊట మాత్రం గట్టు వద్ద ఆగదు.

రకాలు ఎంతవరకు?

మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో అందించిన స్వర్ణలో ముంపును తట్టుకునే సబ్‌-1 జన్యువును చేర్చి రూపొందించిన రకం, పూర్తిగా మునిగినా రెండు వారాల వరకు బతుకుతుంది. ఇది గొప్ప విజయం. అయితే మునిగినప్పుడు ఎదుగుదల ఆపుకోవడమే ఆ జన్యువు పనితనం. రాజోలులో ఎక్కువగా ఎదురయ్యేది, మురుగు పోక మోకాలిలోతు నీరు నెలరోజులు నిలిచే పరిస్థితి. అక్కడ ఎదుగుదల ఆపుకొన్న మొక్క నష్టపోతుంది. ఉప్పును సహించే మచిలీపట్నం రకాలు కూడా ఒక హద్దు వరకే ఉపయోగం. విత్తనం మురుగుకాలువకు ప్రత్యామ్నాయం కాదు.

ఆకస్మిక ప్రపంచ విపత్తుల సంగతి క్లుప్తంగా చెప్పుకొందాం. అణుయుద్ధపు మసి సూర్యరశ్మిని కప్పివేస్తే, భారత్–పాకిస్తాన్ యుద్ధం వలననే 200 కోట్లకు పైగా, అమెరికా–రష్యా యుద్ధం వలన 500 కోట్లకు పైగా మనుషులు ఆకలితో మరణించవచ్చునని 2022లో నేచర్ ఫుడ్ పత్రికలోని అధ్యయనం అంచనా వేసింది. అటువంటి రోజున విత్తనమే పెట్టుబడి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ జన్యునిధి నుంచి జొన్న, సజ్జ, కంది వంటి పంటల నమూనాలు నార్వేలోని స్వాల్‌బార్డ్ భాండాగారానికి చేరాయి. కానీ కొబ్బరికాయను ఎండబెట్టి శీతలగదిలో దాచలేము. దాని జన్యుసంపద పొలంలో నిలిచి ఉన్న చెట్టే. తీరంలో చనిపోయే ప్రతి పాత తోటతో ఎంత పోతున్నదో ఎవరూ నమోదు చేయడం లేదు.

అయినా, ఈ దీవి సేద్యం ఆగిపోయేది ఉల్కాపాతంతో కాదని నా అభిప్రాయం. 2011 సార్వాలో కోనసీమ రైతులు వేల ఎకరాలను బీడుగా వదిలి పంట విరామం ప్రకటించారు. ఆ సంవత్సరం సముద్రం పొంగలేదు. గిట్టని ధర, పెరిగిన కూలి, ఏటా మునిగే చేలు కలిసి ఆ నిర్ణయానికి దారితీశాయి. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన సంఘాన్ని వేసింది. 2022లోనూ కోనసీమలో పంట విరామపు మాట మళ్లీ వినవచ్చింది. ప్రకృతి పెట్టే గడువు ఇంకా ఉండగానే రైతు లెక్క తేల్చుకొని తప్పుకొంటాడు. జనం మిగులుతారు, సేద్యం మిగలదు.

పూడిక తీత, స్లూయిజు తలుపుల మరమ్మతు కాలువలు కట్టిన ఏప్రిల్–మే నెలలలోనే జరగాలి. జూన్ మొదట నీరు వదిలి, స్వల్పకాలిక రకాలతో అక్టోబరు చివరకు కోత ముగిస్తే నవంబరు తుపానులను కొంత తప్పించవచ్చును. ఈ రెండు పనులకు ఒకే వేసవి కావలసి ఉండడం వలన ఒకటి జరిగిన ఏట మరొకటి వెనుకబడుతున్నది. ఏది ముందన్నది తేల్చడానికి డ్రెయిన్ల వారీ కొలతలు అవసరం. గ్రామ రైతు సేవా కేంద్రాల సిబ్బంది, రాజోలు పరిసర కళాశాలల విద్యార్థులు చేతిలో ఇమిడే ఉప్పుమీటరుతో ఈ పని చేయవచ్చును. ఒకే చోట, డ్రెయిన్ నోటికి ఎగువన, తలుపుకు ఇరువైపులా కొలవాలి. అమావాస్య, పౌర్ణమి గడచిన మరుసటి రోజుల్లో, పోటు గరిష్ఠంగా ఉన్న గంటలో ఒకసారి, నీరు తీసిన గంటలో మరొకసారి నమోదు చేయాలి. నారుమడి పోసే ముందు రెండు పక్షాలు, పూత దశలో రెండు పక్షాలు తప్పనిసరి.