విద్యుత్ సైకిలు: తీగెలలోని లోపాన్ని కనుగొనడం ఎలా?

మన దేశంలో సైకిలు సామాన్యుని వాహనం. పాలు, కూరగాయలు, వార్తాపత్రికలు, ఉత్తరాలు తరతరాలుగా ఇంటింటికీ చేరుతున్నది ఈ రెండు చక్రాల మీదనే. ఈ పాత వాహనానికే మోటారును, బ్యాటరీని అమర్చుకొని కాలి శ్రమను తగ్గించుకొనేవారు నేడు పలుచోట్ల కనిపిస్తున్నారు. చక్రం నడుమనుండే హబ్బులోనే మోటారును ఇమిడ్చిన కిట్లు ఇందుకు బాగా అనువైనవి. ముప్పై నిమిషాల సామర్థ్యం 0.25 కిలోవాట్లకు లోబడి, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపుగా, బ్యాటరీ మినహా బరువు 60 కిలోలకు మించకుండా ఉన్న వాహనాన్ని, నిర్ణీత షరతులకు లోబడి, కేంద్ర మోటారు వాహనాల నియమావళి మోటారు వాహనంగా పరిగణించదు.

అయితే ఇట్టి సైకిలు ఒకనాడు హఠాత్తుగా ఆగిపోతే ఏమి చేయాలి? తెల్లవారుజామున పాలు పోయవలసిన వ్యక్తికి ఇది చిన్న సమస్య కాదు. తీగెల చిక్కును చూసి బెదరిన మేస్త్రీ “మోటారు కాలిపోయింది” అని తీర్పు చెప్పవచ్చు. ఆ తీర్పు తప్పయితే, ఊడిన ఒక్క తీగె కోసం వేల రూపాయల మోటారును మార్చవలసి వస్తుంది. ఒక సాధారణ మల్టీమీటరు, కొద్దిపాటి ఓపిక, సక్రమమైన వరుస ఉంటే లోపం ఎక్కడున్నదో ఎవరైనా నిర్ధారించుకోవచ్చు.

కిట్టులో ఏమేమి ఉంటాయి?

బ్యాటరీ నుండి వచ్చే విద్యుత్తు కంట్రోలర్ అనే పెట్టెలోనికి పోతుంది. అక్కడి నుండి మూడు లావు తీగెల ద్వారా మోటారును చేరుతుంది. ఈ మోటారులో బ్రష్షులు లేవు. కనుక ఏ క్షణాన ఏ తీగె చుట్టకు విద్యుత్తు నివ్వవలెనో కంట్రోలరే నిర్ణయించాలి. ఇందుకై చక్రంలోని అయస్కాంతాల స్థానాన్ని కనిపెట్టి చెప్పే మూడు చిన్న హాల్ సెన్సర్లు మోటారులో ఉంటాయి. 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు కనుగొన్న ధర్మమే వీటికి ఆధారం. ఈ సెన్సర్లకు ఐదు సన్నని తీగెలు ఉంటాయి. సాధారణంగా ఎరుపు 5 వోల్టుల సరఫరాకు, నలుపు తిరుగుదారికి, పసుపు, ఆకుపచ్చ, నీలం సంకేతాలకు వాడతారు. వీటికి తోడు వేగాన్ని పెంచే థ్రాటిల్, బ్రేకు పట్టగానే మోటారును ఆపే స్విచ్చి కంట్రోలరుకు కలుపబడి ఉంటాయి.

మొదట జాగ్రత్త

లిథియం బ్యాటరీ రెండు కొనలు పొరపాటున తాకితే క్షణంలో తీగె ఎర్రగా కాలి, నిప్పంటుకొనే ప్రమాదమున్నది. కావున ఏ తీగెను విప్పవలసినా, కలుపవలసినా ముందుగా బ్యాటరీని వేరుచేయాలి. విప్పిన ప్రతి కొనకూ టేపు చుట్టాలి. చక్రం నేలకు తగలకుండా సైకిలును ఎత్తి నిలిపిన తరువాతనే పరీక్షకు పూనుకోవాలి.

పరీక్షించవలసిన వరుస

మొదటి పరికరం కన్ను. ప్రతి కనెక్టరునూ విప్పి, లోపలి పిన్ను వెనక్కు జరిగినదా, పచ్చగా చిలుము పట్టినదా, కరిగినదా అని చూడాలి. వెనుక నుండి తీగెను మెల్లగా లాగి చూడాలి. లోపాలలో అనేకం ఇక్కడనే బయటపడతాయి.

రెండవది బ్యాటరీ. 36 వోల్టుల లిథియం బ్యాటరీ పూర్తిగా ఛార్జి అయినప్పుడు సుమారు 42 వోల్టులు, 13 సెల్లుల వరుసగల 48 వోల్టుల బ్యాటరీ సుమారు 54.6 వోల్టులు చూపుతుంది. ఈ కొలతను కంట్రోలరు వద్దనే తీసుకోవాలి. కొన్ని కంట్రోలర్లకు తాళం ద్వారా వచ్చే సన్నని ఎర్రతీగె మరొకటి ఉంటుంది. దానికి కూడా బ్యాటరీ వోల్టేజి అందనిదే కంట్రోలరు మేల్కొనదు.

మూడవది 5 వోల్టుల సరఫరా. థ్రాటిల్ ఎరుపు, నలుపు తీగెల నడుమ 4.3 నుండి 5 వోల్టుల దాకా ఉండాలి. లేనిచో థ్రాటిల్‌ను, హాల్ కనెక్టరును ఒకటొకటిగా విడదీసి మరల కొలవాలి. దేనిని విడదీయగానే సరఫరా తిరిగి వచ్చునో దానిలోనే షార్టు ఉన్నట్లు. అన్నీ విడదీసినా రాకపోతే లోపం కంట్రోలరుది.

నాలుగవది బ్రేకు స్విచ్చి. ఇది ఇరుక్కుపోతే బ్రేకు పట్టి ఉన్నదని భ్రమించి కంట్రోలరు మోటారును నడపదు. స్విచ్చి కనెక్టరును తాత్కాలికంగా విప్పి చూస్తే నిజం తేలుతుంది. స్విచ్చిని బాగుచేసి మరల కలిపిన తరువాతనే సైకిలు ఎక్కాలి.

ఐదవది థ్రాటిల్ సంకేతం. తిప్పకముందు సుమారు ఒక వోల్టు, పూర్తిగా తిప్పినపుడు సుమారు నాలుగు వోల్టులు రావాలి. ఈ పెరుగుదల మెట్లు లేకుండా సాఫీగా సాగాలి.

హాల్ సెన్సర్ల పరీక్ష

కనెక్టరును కలిపియుంచే, మీటరు నల్లకొనను నల్లతీగెకు, ఎర్రకొనను ఒక్కొక్క సంకేతపు తీగెకు వెనుక నుండి తాకించి, చక్రాన్ని చేతితో మెల్లగా తిప్పాలి. లోపల గేర్లున్న మోటారయితే చక్రాన్ని వెనుకకు తిప్పాలి. ముందుకు తిప్పితే లోపలి మోటారు కదలదు. ప్రతి తీగెలోను వోల్టేజి సున్నాకు, 5కు నడుమ మారుతూ ఉండాలి. ఒకటి మాత్రం మారకుంటే ఆ తీగెగాని, ఆ సెన్సరుగాని చెడినట్లు. మూడూ ఎల్లప్పుడూ 5 వోల్టులే చూపితే, మోటారు వైపు ఎర్రతీగె లేదా నల్లతీగె తెగినదేమో చూడాలి.

మూడు లావు తీగెల పరీక్ష

మోటారు గరగరలాడుతూ వణికి తిరగకపోతే ఒక లావు తీగె వదులైనదని అనుమానించాలి. స్విచ్చి ఆపియున్నా చక్రం బరువుగా, తడవతడవకు పట్టుకొన్నట్లు తిరిగితే షార్టు ఉన్నట్లు. అప్పుడు మూడు తీగెలను కంట్రోలరు నుండి విడదీసి, ఒకదానికొకటి తాకకుండా ఉంచి చక్రం తిప్పాలి. తేలికగా తిరిగితే మోటారు నిర్దోషి. కంట్రోలరులోని ట్రాన్సిస్టర్లు చెడినట్లు. అప్పటికీ బరువుగానే ఉంటే మోటారులోగాని, దాని తీగెలోగాని షార్టు ఉన్నది. మోటారు తేలికగా తిరిగిన పక్షంలో మోటారు వైపు కొనలను రెండేసి చొప్పున కలిపి తిప్పాలి. మూడు జతలకూ ఒకే బరువు తెలియాలి. ఏ జతకు బరువు తెలియదో అందులో తెగిన తీగె ఉన్నట్లు.

రంగులు కలిసినంత మాత్రాన చాలదు

కంట్రోలరును మార్చినపుడు పసుపును పసుపుకు, నీలాన్ని నీలానికి కలిపినా మోటారు సరిగా నడవకపోవచ్చు. ఈ రంగులకు తయారీదారులందరూ పాటించే ఒకే నియమం లేదు. మూడు హాల్ సంకేతాలను, మూడు లావు తీగెలను కలిపే పద్ధతులు 36. అందులో సరైనవి ఆరే. మూడు ముందుకు, మూడు వెనుకకు. కావున హాల్ తీగెలను కదపక, లావు తీగెల ఆరు అమరికలను వరుసగా, కాగితం మీద వ్రాసుకొంటూ ప్రయత్నించాలి. వాటిలో ఒకటి మాత్రమే నిశ్శబ్దంగా, తక్కువ విద్యుత్తుతో నడుస్తుంది. అది వెనుకకు తిప్పేదయితే ఏవైనా రెండు హాల్ సంకేతపు తీగెలను తారుమారు చేసి, ఆరింటిని మరల చూడాలి. తప్పు అమరికలో కంట్రోలరు కాలిపోవచ్చు గనుక థ్రాటిల్‌ను కొద్దిగానే, క్షణంపాటే తిప్పాలి.

లోపానికి మూలం ఇరుసు

తెగిన తీగెను అతికినంతనే పని ముగియదు. అది ఎందుకు తెగినదో చూడాలి. హబ్బు మోటారు చక్రాన్ని ఎంత బలంతో ముందుకు త్రోస్తుందో, ఇరుసును అంత బలంతోనే వెనుకకు త్రోస్తుంది. నట్లు వదులైతే ఇరుసు ఫోర్కులో గిర్రున తిరిగి, తన గుండా వచ్చే తీగెలను మెలిపెట్టి తెంపుతుంది. లావు తీగెలోని విద్యుత్తు సన్నని హాల్ తీగెకు సోకితే కంట్రోలరు కూడా చెడిపోతుంది. ఇరుసును గట్టిగా పట్టియుంచే టార్క్ ఆర్మ్ అనే ఉక్కుపట్టీ దీనికి నివారణ. తీగెను ఇరుసు నుండి కొంత క్రిందికి వంపుగా వదలి పైకి తీసుకొనిపోతే, వర్షపు నీరు దాని వెంట జారి హబ్బులో చేరదు.

లూధియానాలో తయారైన సైకిలుకు విదేశంలో తయారైన మోటారు, మరొక రాష్ట్రంలో కూర్చిన బ్యాటరీ జతపడి ఒక గ్రామానికి చేరవచ్చు. అక్కడి మేస్త్రీకి ఆ తయారీదారుల భాష రాకపోవచ్చు, రంగులు అతనిని మోసగించవచ్చు. కాని వోల్టు అస్సాంలోనైనా, ఆంధ్రలోనైనా ఒక్కటే. కొలిచి చూచి తీర్పు చెప్పే అలవాటు మన సైకిలు షాపులలో నెలకొన్ననాడు, ఒక చిన్న తీగె కారణంగా ఏ కష్టజీవి బ్రతుకుబండీ ఆగిపోదు.