పిల్లికి బొచ్చు ఊడుతోందా? పత్తి మందు జోలికి పోకండి

మిర్చి టిక్కీలు, పత్తి గోతాలు, విత్తనాల సంచులు ఉన్న ఇంట్లో పిల్లి ఊరికే తిని పడుకునే జీవం కాదు. రాత్రిపూట ఎలుకల కాపలా దానిదే. వచ్చే ఏడాదికి దాచుకున్న నాలుగు కుంచాల విత్తనం ఎలుకల పాలు కాకుండా నిలిచిందంటే అందులో దాని వంతు కూడా ఉంటుంది.

అటువంటి పిల్లికి ఒకరోజు చెవి దగ్గర బొచ్చు ఊడి కనిపిస్తుంది. వారం తిరిగేసరికి మెడ మీద మరో మచ్చ. ఒకటే గోక్కుంటుంది, నాక్కుంటుంది. కారణం తెలియదు. ఇంట్లో పెద్దాయన గజ్జి అంటారు. పక్కింటావిడ తామర అంటుంది. ఇంకొకరు బల్లిని తిని ఉంటుందంటారు. ఈలోగా ఎవరో ఒకరు వసారా మూలనున్న పత్తి మందు డబ్బా తీసి, నాలుగు చుక్కలు నూనెలో కలిపి రాసేస్తారు. తెల్లారేసరికి పిల్లి వణుకుతూ, చొల్లు కారుస్తూ మంచం కింద పడి ఉంటుంది.

చర్మరోగం మామూలుగా పిల్లి ప్రాణం తీయదు. తెలియక రాసిన మందు తీస్తుంది. కాబట్టి ఈ వారం ఈ పాఠం.

మిరప ఆకు చెప్పే నీతి

మిరపలో ముడత కనిపించగానే తెలిసిన రైతు మందు కొట్టడు. ముందు ఆకు తిప్పి చూస్తాడు. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే పై ముడత, అది తామర పురుగు పని. కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా ఉంటే కింది ముడత, అది నల్లి పని. రెండూ ముడతలే అయినా మందులు వేరు. ఒకదాని మందు రెండోదానికి కొడితే డబ్బు పోతుంది, చేనూ పోతుంది.

చూడకుండా కొట్టిన మందు ఏం చేస్తుందో మన ప్రాంతానికి వేరే చెప్పనక్కర్లేదు. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. కాయతొలిచే పురుగు దెబ్బకి రాలిపోయేసరికి గుంటూరు, ప్రకాశం పత్తి రైతులు వాటినే మళ్లీ మళ్లీ కొట్టారు. మిత్ర పురుగులు పోయాయి. ఆ దశాబ్దం మధ్యకు వచ్చేసరికి తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో పంట పోయి, అప్పుల పాలై, రైతులు ప్రాణాలు తీసుకున్న రోజులు పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. మళ్లీ 2021లో మిరప మీద నల్ల తామర పురుగు వచ్చినప్పుడూ ఏది పనిచేస్తుందో తెలియక ఎన్ని మందులు కొట్టామో లెక్కలేదు.

పిల్లి విషయంలోనూ సూత్రం అదే. ముందు చూడాలి, తరవాత గుర్తు పట్టాలి, ఆ తరవాతే మందు.

వెలుతురులో కూర్చోబెట్టి చూడండి

పొద్దున్న వెలుతురులో పిల్లిని పాత దుప్పట్లో వదులుగా చుట్టి ఒడిలో పెట్టుకోండి. చేతికి తొడుగు గానీ ప్లాస్టిక్ సంచి గానీ వేసుకోండి. చెవులు, ముఖం, మెడ, వీపు, తోక మొదలు, పొట్ట, పాదాలు వరసగా చూడండి. బొచ్చు ఎక్కడ ఊడింది? చర్మం నునుపుగా ఉందా, పక్కు కట్టిందా? దురద ఉందా, లేదా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం దారి తెలిసినట్టే.

తడి గుడ్డ పరీక్ష: తెల్ల గుడ్డను తడిపి నేల మీద పరచండి. పిల్లిని దాని మీద నిలబెట్టి బొచ్చును ఎదురు దువ్వండి. నల్లటి నలుసులు రాలి, తడికి ఎర్రగా కరిగితే అది పేల రెట్ట. పేను తాగిన రక్తమే అలా ఎర్రగా దిగుతుంది. మట్టి అయితే మట్టి రంగులోనే ఉంటుంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

ఏ గుర్తుకు ఏ కారణం?

1. గంతులేసే పేలు: నడుం మీద, తోక మొదట్లో, మెడ చుట్టూ ఆవగింజంత పక్కులు చేతికి తగులుతాయి. పేను కుట్టినప్పుడు దాని లాలాజలం కొన్ని పిల్లులకు పడదు. అలాంటి పిల్లికి నాలుగైదు పేలు చాలు, ఒళ్లంతా గోక్కోవడానికి. పిల్లి నాలుకతో పేలను ఏరి మింగేస్తుంది కాబట్టి పేను కంటికి కనపడలేదని లేదనుకోవద్దు.

2. గజ్జి: చెవి అంచున మొదలై ముఖానికి, మెడకు పాకుతుంది. చర్మం మందమై బూడిద రంగు పక్కులు కడుతుంది. విపరీతమైన దురద. దీనికి కారణం కంటికి కనిపించని నల్లి. పేరు విని మిరప నల్లి మందు తీయకండి. మిరప నల్లి పిల్లికి పట్టదు, పిల్లి నల్లి మిరపకు పోదు. రెండూ వేరు జీవులు.

3. చెవి నల్లి: చెవి లోపల కాఫీ పొడిలాంటి నల్ల గుల్ల ఉంటుంది. తల విదిలిస్తుంది, చెవి వెనక గోక్కుని గాయం చేసుకుంటుంది. జబ్బు చెవి లోపల, గాయం బయట. గాయానికే మందు రాస్తే తగ్గదు.

4. తామర: గుండ్రంగా బొచ్చు ఊడి, అంచున వెంట్రుకలు తెగి, బూడిద చల్లినట్టు పొట్టు ఉంటుంది. దురద ఉండొచ్చు, లేకపోవచ్చు. పిల్లికూనలకు ఎక్కువ. పేరులో పురుగు ఉన్నా లేకపోయినా ఇది పురుగు కాదు, బూజు జాతి. పురుగు మందుకు చావదు. కొన్ని పిల్లులు పైకి ఏ గుర్తూ లేకుండానే దీన్ని మోస్తాయి.

5. ఎండ: తెల్ల పిల్లుల చెవి కొసలు మన ఎండలకు ఎర్రబారి, పొట్టు రాలి, మానని పుండు పడతాయి. కొంతకాలానికి అదే క్యాన్సరుగా మారవచ్చు. తెల్ల పిల్లికి చెవి కొసన పుండు మానకపోతే ఆలస్యం చేయవద్దు.

6. తిండి: రోజూ పెరుగన్నమే పెట్టి, అది వేటాడకుండా ఇంట్లోనే ఉంటే బొచ్చు గరుకెక్కి పల్చబడుతుంది. పిల్లి మాంసాహారి. చేప ముక్కో, గుడ్డో, మాంసమో లేనిదే దానికి సాగదు. చాలాకాలం మాంసం లేకపోతే చూపు, గుండె కూడా దెబ్బతింటాయి.

7. మందు అంటడం: దీన్ని మనం లెక్కలోకే తీసుకోం. మందు కొట్టి వచ్చి పంపు పంచలో పెడతాం. ఖాళీ మందు అట్టపెట్టెలో పిల్లి పడుకుంటుంది. మందు కారిన నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది. పాదాలు, పొట్ట, గడ్డం కింద ఎర్రబారి బొచ్చు ఊడితే, ఈ వారంలో ఇంట్లో ఏ మందు కలిపామో గుర్తు తెచ్చుకోండి. ‘‘ఎందుకో తెలియదు’’ అనుకున్నదానికి కారణం అక్కడ దొరకవచ్చు.

పిల్లి మీద రాయకూడనివి

సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, పర్‌మెత్రిన్ వంటి పైరిత్రాయిడ్ మందులు: ఇవి పిల్లికి ప్రాణాంతకం. గేదెల పిడుదులకు, కుక్క పేలకు వాడేవి కదా, పిల్లికేమవుతుంది అనుకోకండి. ఇటువంటి కొన్ని రకాల మందులను విరగ్గొట్టి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. కుక్క తట్టుకున్నది పిల్లి తట్టుకోలేదు. పైగా ఒంటి మీద రాసిన ప్రతిదీ నాకి కడుపులోకి పంపుకుంటుంది. డబ్బా మీద త్రికోణం నీలమో, ఆకుపచ్చో ఉందని పిల్లికి క్షేమం అనుకోవద్దు.

మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఏ జంతువు ఒంటికీ రాయరాదు. రాసే మనిషికీ ప్రమాదమే.

గమాక్సిన్ పొడి: వెనకటి రోజుల్లో పశువుల పేలకు చల్లేవారు. బి.హెచ్.సి. అనే ఆ మందును మన దేశంలో 1997లోనే నిషేధించారు. అటక మీద పాత పొట్లం ఉన్నా వాడకండి.

కిరోసిన్, కాలిన ఇంజన్ ఆయిలు, ఫినాయిలు, డెట్టాల్, మనుషుల గజ్జికి రాసే బెంజైల్ బెంజోయేట్: ఇవన్నీ పిల్లికి విషాలే. వేప నూనె మన చెట్టుదే కదా అని చిక్కగా పట్టించడం కూడా మంచిది కాదు.

చేనుకు కొట్టే నీటిలో కరిగే గంధకం: డాక్టర్లు గజ్జికి, తామరకు సున్నం-గంధకం ద్రావణం వాడే మాట నిజమే. అది వేరే సరుకు, దాని పాళ్లు వేరు. పొలం గంధకం దానికి బదులు కాదు.

నొప్పిగా ఉందని పారాసెటమాల్ బిళ్ల వేయకండి. ఒక్క బిళ్ల పిల్లిని చంపగలదు. మేకలకు తెచ్చిన ఐవర్‌మెక్టిన్ ఇంజక్షను మిగిలింది కదా అని మీరే పొడవకండి. మోతాదు కాస్త ఎక్కువైతే, ముఖ్యంగా కూనలకు, నరాలు దెబ్బతింటాయి.

పొరపాటున పడితే...

వణుకు, చొల్లు కారడం, తూలడం, కొట్టుకోవడం కనిపిస్తే అది మందు దెబ్బ. గిన్నెలు కడిగే సబ్బు నీళ్లు కొద్దిగా కలిపి గోరువెచ్చటి నీటితో ఒళ్లు కడగండి. వేడినీళ్లు వద్దు, చల్లని నీళ్లూ వద్దు. చేతులకు తొడుగు వేసుకోండి. పొడి గుడ్డతో తుడిచి చుట్టి పెట్టండి. వాంతి చేయించవద్దు. పాలు, నూనె, మజ్జిగ పోయవద్దు. మందు డబ్బా లేబులుతో సహా వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు విరుగుడు నిర్ణయించగలరు. పైరిత్రాయిడ్‌కు చేసే వైద్యం వేరు, ఆర్గానోఫాస్ఫేట్‌కు చేసేది వేరు.

డాక్టరు దగ్గరకు...

పిల్లిని పట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళితే నలుగురూ నవ్వుతారని మొహమాటం వద్దు. గేదెను చూసే డాక్టరే పిల్లినీ చూస్తారు. గాలి ఆడే బుట్టలో పెట్టి, పైన గుడ్డ కట్టి తీసుకెళ్లండి. ముందురోజు నుంచి ఏమీ రాయకండి. నూనె పట్టించిన చర్మం మీద జబ్బు గుర్తు పట్టడం కష్టం.

ఇవి చెప్పండి: ఎప్పుడు మొదలైంది, మొదట ఎక్కడ, దురద ఉందా, ఏం తింటుంది, ఇంట్లో ఏ మందులున్నాయి, ఇప్పటికే ఏం రాశారు, ఇంట్లో ఎవరికైనా మచ్చలున్నాయా. రాసిన మందు సంగతి దాచకండి.

డాక్టరు చర్మాన్ని కొద్దిగా గీకి, నాలుగు వెంట్రుకలు పీకి సూక్ష్మదర్శినిలో చూస్తారు. నల్లి అయితే అక్కడే బయటపడవచ్చు. తామరకు బూజు పెంచి చూసే పరీక్ష అవసరమైతే ఫలితానికి రెండు మూడు వారాలు పడుతుంది. వైద్యం కూడా ఓపికతో చేయాలి. గజ్జికి మందు మళ్లీ వేయించాల్సి రావచ్చు. తామరకు నెలన్నర, రెండు నెలలు పట్టవచ్చు. బొచ్చు మొలిచింది కదా అని మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. ఇంట్లో ఉన్న మిగతా పిల్లులనూ చూపించండి.

ఇంట్లో పిల్లల సంగతి

పిల్లి తామర మనుషులకు అంటుతుంది. పిల్లితో పడుకునే పిల్లలకు చేతుల మీద, మెడ మీద గుండ్రటి మచ్చలు వస్తాయి. గజ్జి నల్లి కూడా కొద్ది రోజులు దురద పెడుతుంది. మచ్చ వస్తే మందుల షాపులో అడిగి తెచ్చిన ట్యూబు రాయకండి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. నాలుగు రోజులు తగ్గినట్టుండి తామర లోలోపల పాకి మొండికేస్తుంది. చర్మ వైద్యుడికి చూపించి, ఇంట్లో పిల్లికి కూడా ఉందని చెప్పండి.

తామర బూజు విత్తు రాలిన వెంట్రుకల్లో ఏడాదికి పైగా బతుకుతుంది. పిల్లి పడుకున్న గుడ్డలు ఉతికి ఎండలో ఆరేయండి, పనికిరానివి తగలబెట్టండి. నేలను తడిగుడ్డతో తుడిచి, ఆ తరవాత పల్చటి బ్లీచింగ్ నీళ్లతో కడగండి. ఆరేవరకు పిల్లిని రానివ్వకండి. బ్లీచింగ్‌ను ఫినాయిలుతో గానీ, యాసిడ్‌తో గానీ కలపరాదు. దాన్ని పిల్లి ఒంటికి ఎప్పుడూ తగలనివ్వరాదు.

పట్టుకునేటప్పుడు పిల్లి కరిచినా, రక్కినా గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. పిచ్చికుక్క వ్యాధి పిల్లి కాటు ద్వారా కూడా వస్తుంది.

రేపటి నుంచి చేయగలిగినవి

మందు డబ్బాలు, పంపు, ఖాళీ సీసాలు తాళం వేసిన గదిలో పెట్టండి. పసిపిల్లలకూ అదే రక్ష. మందు కొట్టిన బట్టలతో పిల్లిని ఎత్తుకోకండి. ఎలుకల మందు పెట్టిన ఇంట్లో పిల్లిని వదలకండి. మందు తిన్న ఎలుకను తిన్న పిల్లి కూడా పోతుంది. పిల్లి ఉంటే మందు వద్దు, మందు పెడితే పిల్లిని వేరే చోట ఉంచండి.

బొచ్చు ఊడిన పిల్లి నాలుగు రోజులు ఆగగలదు. ఆ నాలుగు రోజుల్లో డాక్టరుకు చూపించవచ్చు. తప్పు మందు పడిన పిల్లికి ఒక్క రాత్రి కూడా ఉండదు. ఆకు తిప్పి చూసే అలవాటు మీకు ఎలాగూ ఉంది. అదే చూపుతో ఒకసారి పిల్లి చెవి కూడా తిప్పి చూడండి.