కారు పోతే ముందు ఠాణాకే

ప్రశ్న: మాది కరీంనగర్. ఇంటి ముందు పెట్టిన కారు తెల్లారేసరికి లేదు. ఆదిలాబాద్ మీదుగా మహారాష్ట్రకు దాటించారేమోనని అనుమానం. ఏం చేయాలి?

జవాబు: వెంటనే 100కు గానీ 112కు గానీ ఫోన్ చేసి, ఠాణాలో ఫిర్యాదు ఇవ్వండి. నంబర్ ప్లేటు మార్చడం దొంగలకు తేలిక కాబట్టి ఛాసిస్, ఇంజిన్ నంబర్లు కూడా రాయండి. 44వ జాతీయ రహదారి ఆదిలాబాద్ దాటాక పెన్‌గంగ మీదుగా మహారాష్ట్రలోకి వెళ్తుంది. ఫాస్టాగ్‌లో టోల్ కోత సందేశం వస్తే పోలీసులకు చూపండి.

బీమా కంపెనీకీ అదే రోజు తెలపండి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే దొంగతనానికి పరిహారం రాదు. సమగ్ర పాలసీ ఉంటే ఎఫ్ఐఆర్, ఆర్సీ, రెండు తాళాలూ సిద్ధం చేసుకోండి. కారు దొరక్కపోతే, ఆచూకీ లేదని పోలీసులిచ్చే నివేదిక కూడా అడుగుతారు.

దొరికితే, కోర్టులో దరఖాస్తు పెట్టి తెచ్చుకోవచ్చు. పట్టుబడ్డ వాహనాలను ఠాణాల్లో ఏళ్ల తరబడి ఉంచొద్దని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది.

ఇకముందు స్టీరింగ్ లాక్, కనబడని చోట జీపీఎస్ ట్రాకర్ పెట్టించండి. ఒక్క నిమిషం దిగినా తాళం కారులో వదలకండి.